గోమార్లు చేసిన పనికి మస్తాన్ బాబాయ్‌ని అన్నాను

ఈ రోజు పొద్దున లేచేసరికి మా కుక్క బ్రౌనీ వెనక కాళ్లు చచ్చుబడి వాకిట్లో పడి ఉంది. నిన్న అది పక్కింటి మస్తాన్ బాబాయ్ కోడిని తరిమింది. ఆయనే అన్నంలో మందు కలిపి పెట్టాడనుకున్నాను. వీధిలో నిలబడి, నలుగురూ వినేలా ఆ మాట అనేశాను.

ఆయన వచ్చి బ్రౌనీ పక్కన కూర్చుని చెవుల వెనక తడిమాడు. చర్మానికి కరుచుకుని, రక్తం తాగి మినపగింజలంత ఉబ్బిన గోమార్లు చూపించాడు.

"మందు కాదమ్మా, ఇయ్యి. ఎన్నాళ్లయింది దీన్ని చూసుకుని?"

మిరపకోతలు మొదలయ్యాక దాని ఒళ్లు నిమిరిందే లేదు.

ఆయనే ఆటో పిలిచి పశువుల ఆస్పత్రికి తోడొచ్చాడు. కొన్ని గోమార్ల విషానికి కాళ్లు పడిపోతాయని డాక్టరు గారు చెప్పారు. అన్నీ ఏరి తీసేసి, ఇకపై నెలనెలా మందు వేయించమన్నారు.

సాయంత్రానికి బ్రౌనీ తూలుతూ లేచింది. "లేచిందా అమ్మా?" అని గోడ అవతల నుంచి బాబాయ్ అడిగాడు. "లేచింది బాబాయ్" అన్నాను. క్షమించమనే మాట మాత్రం నోరు దాటలేదు.

వీధిలో నింద వేసి, గోడ చాటున క్షమాపణ అడిగితే సరిపోతుందా? మీరైతే ఏం చేసేవారు?