అవ్వ అడుగుకు సరిపడా బండలు

మా ఇల్లున్న చోటు ఒకప్పటి చెరకు చేను. బోధన్ అంచున అది ఇళ్ల స్థలాలుగా మారినా, కింది నేల మాత్రం నల్లరేగడే. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది, వాన పడగానే ఉబ్బుతుంది. అటువంటి నేల మీద కిందటి వేసవిలో ఇసుక పోసి, మా పెరటి తలుపు నుంచి పక్కింటి గోడ సందు వరకు అడుగుకొకటి చొప్పున షాబాదు బండలు పరిచాను. నీళ్లు నింపిన సన్న గొట్టంతో మట్టం చూసి, అన్నీ ఒకే ఎత్తులో ఉండేటట్టు సరిచేశాను. తేడా నూలుపోగంత కూడా లేదని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

మట్టం అంత సరిగ్గా ఉండడమే తప్పని జూలైలో తెలిసింది. వాననీరు పోవడానికి వాలు లేదు. నీళ్లు బండల చుట్టూ నిలిచాయి, ఇసుక మెత్తబడిన రేగడిలోకి దిగిపోయింది, నాలుగు బండలు ఒక పక్కకు కుంగాయి.

ఆ దారిన నడిచేది నేను కాక పక్కింటి అవ్వ ఒక్కతే. అమ్మ ఉన్ననాటి నుంచి ఆమె పొద్దున్నే పిలవకుండా వంటింట్లోకి వచ్చి, పీట వాల్చుకుని, నేను ఆఫీసుకు బయలుదేరేదాకా మాట్లాడేది. అమ్మ పోయాక ఈ ఇంట్లో నాది కాని గొంతు వినిపించేది ఆ కాసేపే. ఒక పొద్దున కుంగిన బండ ఆమె కాలి కింద ఊగింది. జామకొమ్మ దొరకబట్టుకుని పడకుండా ఆగింది గాని, చీలమండ బెణికింది.

"నీ బండలు నన్ను మింగుదామని సూస్తున్నయ్ బిడ్డా," అని నవ్వింది. మర్నాటి నుంచి రాలేదు. ఇక ఆ పెరటి దిక్కు పోవద్దని ఆమె కొడుకు గట్టిగా చెప్పాడట.

ఆ వారం వాన తెరిపి ఇచ్చింది. ఆదివారం బండలు పెకలిద్దామని వంగినప్పుడు, వాటి మధ్య ఆరిన బురదలో ఆమె పాదాల గుర్తులు కనిపించాయి. బండలను నా అడుగుకు కొలిచి వేశాను. ఆమె అడుగు అంత సాగదు. ఒక బండ నుంచి మరో బండకు అందక, ప్రతిసారీ బురదలో కాలు పెట్టి నడిచిందన్నమాట. ఒక్కనాడూ చెప్పలేదు.

ఈసారి రేగడిని మూరెడు లోతు తీసేసి మొరం పోశాను. నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, మళ్లీ పోశాను. మోరీ వైపు నీళ్లు జారేటట్టు వాలు ఇచ్చాను. బండలను ఆ పాదాల గుర్తుల లెక్కన జానెడు దగ్గరికి జరిపాను. మూడు ఆదివారాలు పట్టింది. తర్వాత పడిన పెద్దవానకు ఒక్క బండ కదలలేదు. గోడ మీదుగా అవ్వను పిలిచి, దారి గట్టిపడిందని, ఒకసారి తొక్కి చూడమని చెప్పాను. సరేనన్నది.

రెండు రోజులకు వచ్చింది, ముందు గేటు నుంచి. చెప్పులు మెట్ల దగ్గర విడిచి, హాల్లో కుర్చీ అంచున కూర్చుంది. వంటింట్లోకి రాలేదు. నేను కప్పును సాసరులో పెట్టి చాయ్ ఇచ్చాను. దారి బాగు చేశాను కదా, అటు నుంచే రావచ్చు కదా అని అడిగాను.

"బాగనే చేసినవ్ బిడ్డా, మా గోడ కాడికెల్లి సూసిన," అన్నది. "కాలు నొచ్చినప్పటి సంది సడక్ మీదికెల్లే నడుస్తున్న. కిరాణం కాడ నలుగురు కూసుంటరు, మాటల్ల పొద్దు పోతది. ఈ దిక్కు నువ్వొక్కదానివే ఉంటవ్ గద."

నన్ను నొప్పించాలని అన్న మాట కాదు. తనకు దొరికిన సంతోషాన్ని చెప్పుకున్నది, అంతే.

చాయ్ తాగి లేచింది. గేటు దాకా సాగనంపాను. ఎదురుగా కిరాణం అరుగు మీద అప్పటికే ఇద్దరు ముసలమ్మలు కూర్చుని ఉన్నారు. ఆమెను చూసి జరిగి చోటిచ్చారు. అవ్వ నా వైపు తిరిగి, "నువ్వు గూడ రారాదూ, జరసేపు కూసుందువు," అన్నది.

ఉతికే బట్టలున్నాయని చెప్పాను. ఆ పని పొద్దున్నే అయిపోయింది.