నేను ఎవరికీ చెప్పలేదు, రాశానంతే

ఇంతకు ముందు నేనేమీ రాయకపోవడానికి కారణం చాలా చిన్నది. నాకు అక్షరాలు వచ్చేవి కావు. ముగ్గురు తమ్ముళ్లను చంకనెత్తుకుని తిరగడం అయిపోయాక పదకొండో ఏట నన్ను బడిలో వేశారు. ఏడాది తిరక్కముందే పెద్దమనిషినయ్యాను. చిమ్మిలి ఉండలు తినిపించారు, పేరంటం చేశారు, పలక అటకెక్కించారు. అప్పటికి సగం అక్షరాలు వచ్చి ఉన్నాయి. సగం అక్షరాలతో ఎవరూ ఏమీ చదవలేరు కాబట్టి అవీ మరిచిపోయాను.

అరవై ఒకటో ఏట మళ్లీ మొదలుపెట్టాను. చెన్నైలో మా సౌకార్‌పేటలోనే ఒక సత్రం మేడ మీద, రిటైరైన తెలుగు టీచరమ్మ మధ్యాహ్నాలు నాలాంటి నలుగురు ఆడవాళ్లకు చదువు చెప్పేది. ఇంట్లో చదువుకోవడానికి మాత్రం పుస్తకాలు లేవు. మా అబ్బాయి, మనవరాలు చదివింది తమిళం, ఇంగ్లీషు. తెలుగు మా ఇంట్లో నోటితో మాట్లాడుకునేదే. తెలుగులో అచ్చయిన కాగితాలంటే సంచీనిండా ఉన్న పాత పెళ్లి పత్రికలు. వాటినే కూడబలుక్కుని చదివాను. అందుకే రాయడమంటే పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, వీధి ఏవీ వదలకుండా రాయడమనే నాకు పట్టుబడింది.

షోళింగనల్లూరులో కంప్యూటరు ఉద్యోగం చేసే మా కోడలు తన పాత ఫోను నాకిచ్చి, అందరూ ఫోటోలు పెట్టుకునే చోట నా పేరుతో ఒక పేజీ తెరిచిపెట్టింది. స్నేహం చేస్తామని ఎవరెవరో అడిగేవారు. గడపలో నిలబడ్డ మనిషిని పొమ్మనే అలవాటు మా వీధుల్లో లేదు. అందరినీ రమ్మన్నాను. అరవై ఏళ్లలో నేను సంపాదించుకున్న స్నేహితురాళ్లు ముగ్గురు. ఫోను చేతికొచ్చిన నాలుగు నెలల్లో నాలుగు వందల మంది.

ఆ రోజుల్లోనే ఏడో తరగతి చదివే మా మనవరాలు పెద్దమనిషి అయింది. మంటపం వద్దు, వీధి చివర బ్యానరు వద్దు, ఇంట్లో మనమే అని కోడలు ముందే చెప్పింది. పిల్ల నా చెయ్యి పట్టుకుని మరీ అడిగింది.

"అవ్వా, ఎవురికీ చెప్పగూడదు. ప్రామిస్."

"ప్రామిస్," అన్నాను.

మాట నిలబెట్టుకున్నాను. పాలమ్మాయితో కూడా అనలేదు. శనివారం నాడు పిల్లకు పట్టు పావడా కట్టి, కనకాంబరాలు పెట్టి, గుమ్మంలో నిలబెట్టి ఫోటో తీశాను. బొమ్మ చక్కగా వచ్చింది. దాన్ని నా పేజీలో పెట్టి, కింద నాలుగు వాక్యాలు రాశాను: మా మనవరాలు పెద్దమనిషి అయిందని, ఆమె పేరు, ఫలానా వారి కూతురని, చదివే బడి, తరగతి, మా ఇంటి నంబరు, వీధి.

నా దృష్టిలో ఇది చెప్పడం కాదు. చెప్పడమంటే నోరు తెరవాలి, ఒకరు వినాలి. నేను రాసిందల్లా అంతవరకు టీచరమ్మ ఒక్కతే చదివింది, తప్పులు దిద్ది నోటుబుక్కు మూసేసింది. రాత అంత గుట్టైన సంగతి ఇంకేముంది? పైగా తెలుగు. ఆ బడిలో తెలుగు చదవగలిగే పిల్ల ఎవరు?

పూలు, దండాల బొమ్మలు వచ్చాయి. వినాయకుడి పటం పెట్టుకున్న ఒకాయన ముందు ఆశీస్సులు చెప్పాడు. తర్వాత, పాపను బడి నుంచి ఎవరు తీసుకొస్తారని అడిగాడు. అడిగిన మనిషికి జవాబు చెప్పకపోతే ఏం మర్యాద? 'ఒక్కతే వస్తుంది, నాలుగింటికి పెద్ద గేటు దగ్గర బయలుదేరుతుంది, మా పిల్లకు ధైర్యం ఎక్కువ' అని రాశాను. అంత పొడుగు వాక్యంలో ఒక్క ఒత్తు కూడా తప్పలేదని ఆ పూటంతా మురిసిపోయాను.

సోమవారం సాయంత్రం పిల్ల సంచీ విసిరేసి నా ముందు నిలబడింది.

"చెప్పొద్దంటిని కదా అవ్వా!"

"నేనెవురికి చెప్పినా? ఒట్టు. రాసినానంతే."

"ఎవురో వాళ్లమ్మ ఫోనులో చూసి చెప్పినారంట, క్లాసంతా చదివేసింది! ఒక్కొక్కరు వచ్చి నవ్విపోతా ఉండారు."

"తెలుగులో గదా రాసింది. వాళ్లకెట్లా తెలస్తాది?"

"కింద నొక్కితే చుమ్మా, ఊరికే తమిళంలో వచ్చేస్తాది అవ్వా! ఇది కూడా తెలీకుండా ఎందుకు రాసినావు?"

నేను రెండేళ్లు కష్టపడి నేర్చుకున్నదాన్ని ఫోను ఒక్క నొక్కుతో తమిళం చేసేస్తుందని టీచరమ్మ కూడా చెప్పలేదు.

ఆరున్నరకు కోడలు వచ్చింది. సంగతి విని, నా ఫోను తీసుకుని కింద నుంచి పైదాకా చూసింది. ఒకచోట ఆమె వేలు ఆగిపోయింది.

"అత్తా, ఈ వినాయకుడెవురు?"

"ఎవురో, మంచోడే. దినామూ నమస్కారం పెడతాడు."

"మంచోడా? పాప ఒంటిగా వస్తాదని వాడికి ఎందుకు చెప్పినారు?"

"అడిగినాడు గదమ్మా."

"రోడ్డులో ఎవుడో వచ్చి అడిగితే చెప్తారా?"

చెప్పను. రోడ్డు మీదవాడినైతే నువ్వెవరి కొడుకువి, ఏ వీధి, మీ మేనమామ పేరేంటని ముందు నేనే అడిగేదాన్ని. మా వాళ్లలో ఆ విచారణ దాటకుండా ఎవరికీ మంచినీళ్లయినా దొరకవు. ఈయన విషయంలో మాత్రం పటం చూసి సరిపెట్టుకున్నాను. కోడలు ఆ మాటలన్నీ పోలీసు స్టేషనులో చూపించడానికి తన ఫోనులోకి ఎక్కించుకుని, నేను పెట్టింది తీసేసింది. దీపం పెట్టడానికి పూజగదిలోకి వెళ్లి, గణపతి వైపు చూడలేక తల దించుకునే వెలిగించి వచ్చాను.

"రేపు నేను లీవు పెడతా. నేనే తీసకపోయి నేనే తీసకొస్తా," అంది కోడలు పిల్లతో.

"నేను పోను."

"వాడి గురించి భయమా?"

"ఫోటో ఇంకా ఉండాది. మనోళ్లందరూ వాళ్ల పేజీల్లో పెట్టుకున్నారు." నా వైపు తిరిగింది. "నిన్ను బడి మాన్పించినారని కథ చెప్తావే అవ్వా. నన్ను నువ్వు మాన్పించేసినావు."

కోడలు వెతికి చూస్తే, మా చుట్టుపక్కల ఎనిమిది ఇళ్ల ఆడవాళ్లు ఆ ఫోటో తమ పేజీల్లో పెట్టుకుని ఉన్నారు. అందరూ దగ్గరివాళ్లే, అందరూ సంతోషంతోనే. ఆ ఎనిమిదీ పోయేదాకా బడికి వెళ్లనంది పిల్ల. ఫోను చేసి చెబుతానంది కోడలు. వద్దన్నాను. మావాళ్లు ఫోనులో సరే సరే అంటారు, పెట్టేయగానే మరిచిపోతారు.

మర్నాడు ఉదయం ఏడింటికి కుంకుమ భరిణె పట్టుకుని బయలుదేరాను. మా వాళ్లలో బొట్టు పెట్టి అడిగిన మాటను ఏ ఇల్లాలూ కాదనదు. మొదటి ఇల్లు మా చిన్న ఆడబిడ్డది. భరిణె చూడగానే ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి నుదురు ముందుకు పెట్టింది.

"దా వదినా! ఫంక్షన్ ఎప్పుడు? ఏ మంటపం?"

"ఫంక్షనూ లేదు, మంటపమూ లేదు. నీ ఫోనులో పాప ఫోటో తీసెయ్యి."

"అదేంది, పెట్టింది నువ్వే గదా!"

"నేనే. అందుకే నేనే వచ్చినా."

"ఊళ్లో అందరూ బొట్టు పెట్టి రమ్మంటారు. నువ్వు పెట్టి తియ్యమంటావే!" అని నవ్వుతూనే ఫోను తీసింది. ఫోటో తీసేశాక మళ్లీ తెరిచి చూపించమన్నాను. చూపించింది. కాఫీ తాగి పొమ్మంది గానీ నేను కూర్చోలేదు, ఇంకా ఏడు ఇళ్లున్నాయి.

ఎనిమిదో ఇంటి మెట్లు దిగేసరికి పదిన్నర అయింది. తోపుడు బండ్లు పోయేదాకా ఒక పక్కగా నిలబడి, కోడలికి ఫోను చేసి, పిల్లకు బడికి అన్నం డబ్బా కట్టమన్నాను.