సుబేదార్ కాక నడుముకు కట్టుకున్న తాడు

కాక పోయారన్న కబురు నాకు మొదట చెప్పింది మా తమ్ముడు శేఖర్. పూజగదిలో హారతి కర్పూరం వాసన ఇంకా తగ్గలేదు. ఫోన్‌లో వాడు "కాక లేడక్కా" అన్నాడు.

సుబేదార్ నర్సింహ కాక ఇబ్రహీంపట్నంలో మా పక్కింటివారు. చిన్నప్పుడే కాలు పడిపోయి నేను బడికి పోలేదు. ఫౌజు నుంచి సెలవు మీద వచ్చినప్పుడల్లా ఆయనే మా అరుగు మీద కూర్చుని నాకు చదువు చెప్పారు. "తప్పైతే కానీ, గట్టిగ చదువు. గొంతుల దాసుకుంటే నేనెట్ల దిద్దాలె?" అనేవారు. ఈ రోజు నేను నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆ దేవుడు ఆయన చేత పెట్టించిన భిక్ష.

శేఖర్ ఫౌజులో చేరింది ఆయనను చూసే. అదృష్టం కొద్దీ ఆయన పటాలంలోనే పడ్డాడు. అమ్మ వాడికి పిల్లను చూసిన ఏడు, వాడు మా ముందు నిలబడి, తన మనసు ఆడవాళ్ల మీదికి పోదనీ, తాను ప్రేమించేది మగవాణ్ణేననీ చెప్పాడు. "ఈ మాట ఇంకోపారి అంటే నా గడప తొక్కకు" అంది అమ్మ. నేను అడ్డుపడలేదు. పైగా వాణ్ణి మార్చమని మండలం రోజులు దీపం పెట్టాను.

ఏడాది తర్వాత కాక రిటైరై వచ్చారు. పెట్టె ఇంట్లో పడేసి నేరుగా మా ఇంటికొచ్చారు. సెలవు పెట్టి వెంట వచ్చిన శేఖర్ గేటు బయటే ఆగిపోయాడు. అమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. కాక ఆమె వీపుకే చెప్పడం మొదలుపెట్టారు.

మంచు కొండల మీద జవాన్లంతా ఒకే తాడుకు నడుములు కట్టుకుని నడుస్తారట. మంచు కింద లోయలు కనబడవు. ఒకడు జారితే పక్కవాడే ఆపాలి. శేఖర్ అప్పటికే తోటి జవాన్లకూ నిజం చెప్పేశాడు. ఒక పొద్దున గస్తీకి బయల్దేరేటప్పుడు వాడి పక్కన తాడు కట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు.

"ఒకడైతే, వీని పక్కన కట్టుకుంటే లగ్గమైనట్టే అని నవ్విండు."

"మరి నువ్వేం జేసినవ్ కాకా?" అన్నాను.

"ముందర నడిచేది నేనే గద. వాణ్ణి నా ఎనక కట్టుకున్న. నేను పడితే గుంజేటోడు వీడే, ఇగ నవ్వుండ్రి అన్న."

"పడ్డవా?" అంది అమ్మ, అటే తిరిగి.

"పడలే. నన్ను కాపాడితేనే వాడు మనిషైతడా వదినా? ఆరు గంటలు నా పానం వాని నడుముకున్నది. గది సాలదా?"

మర్నాడు ఇద్దరు తమంతట తామే వచ్చి శేఖర్ పక్కన కట్టుకున్నారట. నవ్వినవాడు మాత్రం రాలేదు. పై అధికారి పిలిచి శేఖర్ సంగతేమిటని అడిగితే, "వాని మీద ఏం రాసినా, కింద నా పేరు గూడ రాయుండ్రి సాబ్" అన్నారట కాక. ముప్పయ్యేళ్ల నౌకరీ ఆ ఒక్క మాట మీద పెట్టేశారు. ఆ సాబు కాసేపు ఆయన వంక చూసి, ఏమీ రాయకుండా కలం మూసేశాడట.

అమ్మ గోడవైపు నుంచి ఇటు తిరిగింది. "వాడు తిన్నడా?" అంది.

"నన్నడుగుతవేంది? గేటు కాడ నిలబడ్డడు, పోయి వాణ్ణే అడుగు."

అమ్మ లేచి వెళ్లింది.

అంతటి ధైర్యం అంత మామూలుగా మాట్లాడగలదని నాకు అప్పటిదాకా తెలియదు. ఇప్పటికీ తలచుకుంటే చేతులు వాటంతటవే జోడవుతాయి. మీరు మా కాకను చూసి ఉండరు. అయినా ఒక్క మనవి. మీ ఇంట్లోనో, మీ పనిచోటనో ఒకరి పక్కన నిలబడడానికి అందరూ వెనకాడిన రోజున, సుబేదార్ నర్సింహను ఒక్కసారి గుర్తు చేసుకోండి.