నూట ఇరవై అడుగుల తాడు

చతురస్రమనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దాని తప్పేమీ లేదు, తప్పంతా నాది. డెబ్బైల్లో, ధర్మవరంలో ఆరో తరగతి చదివేటప్పుడు ఒక లెక్క సరిగ్గా చేసి మా ఇంటిని ముంచాను.

తాత పోయాక ఊరి చివర రెండు ఖాళీ జాగాలు మిగిలాయి. ఒకటి నాలుగు వైపులా ముప్పై అడుగులు. రెండోది పదడుగుల వెడల్పు, వీధి నుంచి లోపలికి యాభై అడుగుల పొడుగు. రెండింటి నిండా కంపచెట్లే, కంటితో చూసి పోల్చుకునే వీలు లేదు. హిందూపురంలో ఉండే పెదనాయన ఒక తాడు తెచ్చి మొదటిదాని చుట్టూ తిప్పాడు, అదే తాడు రెండోదాని చుట్టూ తిప్పాడు. "సూడు తమ్ముడా, అంగుళం మిగల్లేదు, అంగుళం తగ్గలేదు. పొడుగుది నువ్వు తీసుకో, పడుగు దారాలు చాపుకునేదానికి బాగుంటాది" అన్నాడు.

నాయన నేతగాడు. చీరకు పన్నా, అంటే వెడల్పు, ఎప్పుడూ ఒకటే. పొడుగు చూస్తే చాలు. పుట్టినప్పటి నుంచీ పొడుగుతోనే బతికిన మనిషికి వెడల్పు మీద అనుమానం ఎక్కడి నుంచి వస్తుంది? "అంత సన్నంగా ఉండాదే, ఎట్లా?" అని అమ్మే గొణిగింది. దాంతో నాయన నన్ను పిలిచాడు.

"చదువుకునే బిడ్డవు, లెక్కేసి చెప్పు. రెండూ సమానమేనా?"

అబ్బో, ఆ పూట నా గొప్ప చూడాలి! అయ్యవారు మొన్నమొన్ననే చుట్టుకొలత నేర్పారు. భుజం ముప్పై, నాలుగు ముప్పైలు నూట ఇరవై. యాభై, పది కలిపితే అరవై, రెండు అరవైలు నూట ఇరవై. "సమానమే నాయనా" అన్నాను. పెదనాయన నా నెత్తి నిమిరి "సరస్వతి రా నీ కూతురు" అన్నాడు. ఆ వారమే కాగితాల మీద సంతకాలు అయిపోయాయి.

ఇల్లు కట్టారు. రాతిగోడలు పోగా లోపల మిగిలింది ఏడడుగులు. ముందర మగ్గం, వెనక వంట. మగ్గానికీ గోడకూ మధ్య మనిషి పక్కకు తిరిగితే పట్టేంత సందు. నాయన నేస్తున్నంతసేపూ, పేక దారం మోసే నాడె అటూ ఇటూ ఆడే చెక్క ఆ సందులోకి వచ్చి పోతుండేది. మగ్గం మీద సాచిన పడుగును దాటడం మా ఇళ్లలో మహా తప్పు. వెనక వాకిలి పెడదామంటే అటువైపు వెనకింటివాళ్ల గోడ. పొద్దున నాయన మగ్గం గుంతలో దిగాడంటే అమ్మ వెనక చిక్కుకుపోయేది. కొళాయి వచ్చినా, వాకిట్లో ఎవరైనా పిలిచినా "ఇదో, రవ్వంతసేపు నిలుపు" అని అరవాలి. మధ్యలో ఆపితే ఆయనకు చిరాకు. కొన్నాళ్లకు అమ్మ అరవడం మానేసింది.

ఏడో తరగతిలో వైశాల్యం పాఠం వచ్చింది. "చతురస్రం వైశాల్యం తొమ్మిది వందలైతే భుజమెంత?" అని అయ్యవారు అడిగారు. ముప్పై అని నా నోరే ముందు చెప్పింది. చెప్పాక, ఎవరూ అడక్కుండానే, నా చెయ్యి పుస్తకం అంచున యాభైని పదితో గుణించింది. అయిదు వందలు.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చాను. నేను తింటుండగానే నాయన మళ్లీ మగ్గం మొదలుపెట్టాడు. ఆ చప్పుడులోనే అమ్మ చెవిలో అంతా చెప్పేశాను.

"నాలుగు వందల చదరపు అడుగులు పోయినాయమ్మా. నా వల్లే పోయినాయి."

"అంటే ఎంతే?"

"ఇంచుమించు ఇంకో ఇల్లంత."

అమ్మ చెయ్యి అన్నం గిన్నె మీదే ఆగిపోయింది. గోడను ఒకసారి, ఎదుటి గోడను ఒకసారి చూసింది. పెదనాయనను తిడుతుందనుకున్నాను, నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. "మీ నాయనకు చెప్పొద్దు. ఆయనకు చెయ్యాడదు" అంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అమ్మ గబుక్కున కొంగు నా నోటికి అడ్డం పెట్టింది.

"ఈడ ఏడిస్తే ఇనబడతాది. మీ నాయన మగ్గం నిలపనీ, బయటికి పోయి ఏడుద్దువు."

ఆ రోజు దీపాలు పెట్టేదాకా నాయన మగ్గం నిలపలేదు.