కిరాయి పిల్ల వేళ్లు

“రేపటి సంది కొత్త సాఫ్ట్‌వేరే. తెలుగును ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలె. రాదంటే ఇంట్లనే ఉండు.” వనపర్తిలో మా గడప ముందు నిలబడి టైపు దుకాణం సేటు అరిచాడు.

“నాకు ఇంగ్లీషు రాదు సార్. పాత దాంట్లైతే తెలుగు అక్షరాల మీద నా వేళ్లు వాటంతటవే పోతయి,” అంది మా ఇంట్లో కిరాయికుంటూ అతని దగ్గర టైపు చేసే పిల్ల.

“నీ వేళ్ల కోసం దుకాణం నడపాల్నా?”

పని పోతే సొంతూరు ఉప్పునుంతలకు తిరిగిపోయి కూలికి వంగాలి. భయమేసినప్పుడల్లా ఆమె వేళ్లు తొడ మీద టైపు చేసేవి. ఆ సాయంత్రం అవి ఆగనే లేదు, అన్నం ముందు కూడా.

“కోతకు పోతే నా కొడవలి ఒకరికియ్య, ఒకరిది పట్ట. చెయ్యికి అలవాటైందే కావాలె. నువ్వు గూడ గట్ల పాతదే కావాలని గట్టిగ అడుగు బిడ్డా,” అన్నాను. నాకూ లోపల గుబులే.

తెల్లారి పోయి అడిగింది. తలుపు పక్కన, ఫ్యాను గాలి తగలని ఒక్క కంప్యూటర్‌లో మాత్రం సేటు పాత సాఫ్ట్‌వేరే ఉంచాడు. ఆమె అక్కడే కూర్చుంది.