ఎదురింటి ఎర్లీన్ పట్టుకున్న నల్ల గౌను

వెర్నా టాలివర్ ఫెడరల్ జడ్జీ కాబోతోందని మిసిసిపీలోని ఆ వీధిలో అందరికన్నా ముందు పసిగట్టింది ఎదురింటి ఎర్లీన్. అధ్యక్షుడు పేరు పంపాలన్నా, సెనేటు ఓటు వెయ్యాలన్నా, ముందు ఎఫ్‌బీఐ వాళ్లు వచ్చి ఇరుగుపొరుగును అడగాల్సిందే మరి.

ఆ ఉదయం వెర్నా, చనిపోయిన తల్లి ఇంటి కిటికీ దగ్గర నిలబడి, ఎదురు వరండాలో ఎర్లీన్‌ను ప్రశ్నలడుగుతున్న కోటు మనిషినే చూస్తోంది. బడి బస్సు నడిపిన తల్లికి పుట్టిన పిల్ల. లా చదివింది, ఒక జడ్జీ దగ్గర తీర్పులు రాయడానికి సాయం చేసింది, లాయరును పెట్టుకోలేని ముద్దాయిల తరఫున ఏళ్ల తరబడి వాదించింది, కింది జడ్జీగా బెయిళ్లు చూసింది. ఇంతా చేసి, ఇప్పుడు ఎర్లీన్ ఒక్క మాటంటే అంతా ఆగిపోవచ్చు.

ఎర్లీన్ కొడుకు రోజెల్ కేసు వాదించింది వెర్నాయే. "నేరం ఒప్పుకోమను పిన్నీ, నాలుగైదేళ్లలో ఇంటికొస్తాడు" అని మాటిచ్చింది. సర్కారు లాయరూ సరేనన్నాడు. కానీ శిక్ష జడ్జీ ఇష్టం. పన్నెండేళ్లు వేశాడు. రోజెల్ ఇంకా లోపలే ఉన్నాడు.

కోటు మనిషి వెళ్లగానే ఎర్లీన్ వీధి దాటి వచ్చింది.

"ఏమే పిల్లా, బల్లిలా కిటికీకి అతుక్కుపోయావ్?"

"ఏం చెప్పావు పిన్నీ?"

"తాగుతుందా అని అడిగాడు. చర్చిలో ద్రాక్షరసానికే మొహం ముడుచుకుంటుందన్నా."

"రోజెల్ సంగతో?"

ఎర్లీన్ మొహంలో నవ్వు పోయింది. "అదీ చెప్పా. తన చేతిలో లేనిదానికి మాటిచ్చిందన్నా. శిక్ష పడిన సాయంత్రమే నా వంటింట్లో కూర్చుని, తప్పు నాదేనని ఏడ్చిందనీ చెప్పా. మరి ఈమె జడ్జీ కావచ్చా అన్నాడు. ఏళ్లకేళ్లు శిక్షలు వేసేవాళ్లలో, ఆ ఏళ్లు ఇంట్లోవాళ్లకెట్లా గడుస్తాయో చూసినవాళ్లు ఒక్కరన్నా ఉండనీ అన్నా."

సెనేటు ఒప్పుకుంది. ప్రమాణం రోజున జడ్జీల నల్ల గౌను తొడిగేది అయినవాళ్లే. తల్లి లేదు గనక వెర్నా ఎర్లీన్‌నే అడిగింది.

"తొడగను" అంది ఎర్లీన్. "నా బిడ్డను లోపలికి పంపింది అట్లాంటి గౌనేగా. పట్టుకుంటా. చేతులు నువ్వే పెట్టుకో."

నిండిన కోర్టులో ఎర్లీన్ గౌను విప్పి పట్టుకుంది. వెర్నా ఒక చెయ్యి దూర్చి, రెండోదానికి కాసేపు తడుముకుంది. ఎర్లీన్ సాయం చెయ్యలేదు, వదిలెయ్యనూ లేదు. రెండో చెయ్యి దూరాక, వెర్నా భుజం మీద మడత సర్దబోయి ఆగి, వెళ్లి తన చోట కూర్చుంది.