వాకిటి పటిక, తాతయ్య పటిక

నా చిన్నప్పుడు ఒక పొద్దున, మా తాతయ్య గడ్డం మీది సబ్బు నురగలోంచి ఎర్రటి చార ఒకటి మెడ మీదికి జారింది. అది చూడగానే ఏడుపు మొదలుపెట్టాను.

ఆళ్లగడ్డలో తాతయ్యది కిరాణా అంగడి, వెనకే ఇల్లు. నంద్యాలలో పెళ్లికి పోవాలని పెరట్లో గడ్డం గీసుకుంటుంటే తుమ్ము వచ్చింది, బ్లేడు జారింది. టవలు అదిమినా అది ఎర్రబడుతూనే ఉంది. తాతయ్య చచ్చిపోతాడనే అనుకున్నాను.

గడ్డం తెగితే పటిక పెడతారని నాకు తెలుసు. పటిక ఎక్కడుందో కూడా తెలుసు. అంగడి ముందుకు పరిగెత్తి, స్టూలెక్కి, దిష్టి తగలకుండా నల్లతాడుతో వేలాడదీసిన పటికను తెంపుకొచ్చాను.

మా అవ్వ నెత్తిన చేతులు పెట్టుకుంది. "దిష్టి పటిక పీక్కొచ్చినావేందే! ఇంకా బోణీ కూడా కాలేదు!"

తాతయ్య నవ్వాడు. నవ్వితే రక్తం ఇంకాస్త కారింది. "అంగడికి తగిలిన దిష్టంతా నా మూతికి పూస్తాదంట, పూయనీలే," అన్నాడు.

కానీ పూయనివ్వలేదు. దాని మీది దుమ్మూ, కుంకుమా, ఊదొత్తుల మసీ చూపించి పక్కన పెట్టాడు. టవలు చెంపకు అదుముకునే అంగడిలోకి నడిచి, పటిక డబ్బా నా ముందు దించాడు. "నువ్వే ఏరు. పగుళ్లుండేది వద్దు. కలకండ మాదిరి తేటగా ఉండాల, అంచులు గీరుకోకూడదు."

ఏరుతూ ఏరుతూ ఏడుపు మర్చిపోయాను. దొరికినదాన్ని నా ముంజేతి మీద జరిపి చూసి, సరేనన్నాడు. చెంప కడుక్కుని, రాయి తడిపి నా చేతికే ఇచ్చాడు. "రుద్దొద్దు. అదిమి పట్టుకో."

పెట్టగానే, "అబ్బా, చీమలపుట్ట పెట్టినావు గదనే!" అన్నాడు. నేను వెనక్కి లాక్కోబోయాను. "మండితే మండనీ. చెయ్యి మాత్రం తీయొద్దు."

తీసేసరికి రక్తం ఆగింది. మిగతా గడ్డం గీసుకుని, ముఖానికి తనే తేలిగ్గా రాసుకుని, కాసేపాగి చన్నీళ్లతో కడుక్కున్నాడు. రాయిని తుడిచి, ఆరబెట్టి, "చిన్న గాట్లకే ఇది. లోతుగా తెగితే డాక్టరే," అని చెప్పి పెళ్లికి పోయాడు.

ఆ పని ఆయన ఒక్కడే చిటికెలో చేసుకోగలిగేవాడు. వణుకుతున్న నా చేతికి కావాలనే ఇచ్చాడు, అంతే.

ఇప్పుడు నాకు అన్నిటికీ భయమే. పిల్లలు రెండుసార్లు దగ్గితే నిద్ర పట్టదు. నిన్న సాయంత్రం మా ఆయన గడ్డం తెగింది. పెద్దది కేక పెట్టింది, చిన్నోడు తలుపు వెనక దాక్కున్నాడు. నాకూ భయమేసింది. అయినా చెయ్యి తనంతట తాను అరలోని పటిక మీదికి పోయింది. అదిమి పట్టుకుంది, వణకలేదు.

ఈ పొద్దున పిల్లలిద్దరినీ అంగడికి తీసుకుపోయి, ఎవరి పటిక వాళ్లతోనే ఏరించాను. ఇంటికొస్తూ చెప్పాను: "భయమైతే కానీయండి. చెయ్యి మాత్రం తీయొద్దండి."